నెట్ స్కోరు పక్కన హ్యాండిక్యాప్ కూడా అచ్చు వేయండి

సంపాదకులకు నమస్కారాలు.

కిందటి వారం మీ నగర అనుబంధంలో ఒక గోల్ఫ్ క్లబ్బు సభ్యులు తమలో తాము ఆడుకున్న స్నేహపూర్వక పోటీ ఫలితం, విజేత కప్పు పట్టుకొని నిలబడిన ఫొటోతో సహా వచ్చింది. ఫొటో కింద ‘నెట్ 61 స్కోరుతో విజేతగా నిలిచారు’ అన్న ఒక్క వాక్యమే ఉంది. ఆ ఉదయం మా అపార్ట్‌మెంటులో ఇద్దరు ఆ పేజీ పట్టుకొని నా దగ్గరకు వచ్చి, నెట్ అంటే ఏమిటి, 61 అంటే ఎక్కువా తక్కువా అని అడిగారు. పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం గోల్ఫ్ ఆడుతున్నవాడిని కాబట్టి నాకు తెలిసినంత వివరించాను: గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలు కొట్టినవారే గెలుస్తారు, మొత్తం దెబ్బల నుంచి హ్యాండిక్యాప్‌ను, అంటే ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే మినహాయింపును, తీసివేస్తే వచ్చేది నెట్. కానీ అది ఎంత గొప్ప స్కోరో మాత్రం నేను కూడా చెప్పలేకపోయాను, ఎందుకంటే దాన్ని తేల్చే అంకె, అంటే ఆ ఆటగాడి హ్యాండిక్యాప్, మీ వార్తలో లేదు. ఆ ఒక్క అంకెను కూడా అచ్చు వేయమని కోరడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇంత చిన్న కోరికకు ఇంత పొడవైన ఉత్తరం ఎందుకో కింద రాసినది చదివితే మీకు తెలుస్తుంది. స్నేహితుల మధ్య జరిగే గోల్ఫ్ పోటీ మొత్తం ఆ అంకె మీదే నిలబడి ఉంటుంది, ఆ అంకె చెడితే ఆటా చెడుతుంది, స్నేహమూ చెడుతుంది. ఈ రెండూ చెడగా చూసినవాడిని నేను.

మా బృందంలో పన్నెండు మందిమి ఉన్నాం. నేను బ్యాంకు ఉద్యోగం చేసి విరమించినవాడిని. రైల్వేలో మెకానికల్ ఇంజనీరుగా పనిచేసి విరమించిన పెద్దాయన ఒకరు, గుండె వైద్యుడు ఒకరు, స్త్రీల వైద్యనిపుణురాలు ఒకరు, బట్టల వ్యాపారి ఒకరు, కళాశాల అధ్యాపకులు ఇద్దరు, మిగిలినవారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. వారిలో ఇద్దరు 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ ఒక్క స్ట్రోకు (దెబ్బ) తేడాతో పతకం కోల్పోయి నాలుగో స్థానంలో నిలవడాన్ని తెల్లవారుజామున టీవీలో చూసి, ఈ ఆట ఏమిటో తెలుసుకోవాలని వచ్చి చేరినవారు. ఆదివారం ఉదయం ఆరు గంటలకు మొదటి టీ (తొలి దెబ్బ కొట్టే చోటు) దగ్గర కలుసుకుంటాం, ఎండాకాలంలో ఇంకో పావుగంట ముందే కలుస్తాం. చీట్లు తీసి నలుగురు చొప్పున మూడు జట్లుగా విడిపోతాం. పద్దెనిమిది హోల్స్ (గుంతలు) పూర్తి కావడానికి నాలుగు గంటలకు పైగా పడుతుంది. తరువాత అందరం ఒకే బల్ల చుట్టూ కూర్చొని స్కోర్‌కార్డులు ముందు పెట్టుకుంటాం. ఆ రోజు అందరికంటే వెనుకబడినవారు టిఫిన్ ఖర్చు పెట్టుకుంటారు. పోటీ అంటే అంతే. అయినా ఆదివారం కోసం శుక్రవారం నుంచే ఎదురుచూస్తామంటే మా ఇళ్లలో వాళ్లు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు.

ఇరవై ఎనిమిదేళ్ల కుర్రవాడు, డెబ్బై ఒక్క ఏళ్ల పెద్దాయన, యాభై దాటిన వైద్యురాలు ఒకే పోటీలో నిజంగా పోటీపడగలగడమే ఈ ఆటలో నన్ను కట్టిపడేసిన విషయం. మన చిన్నప్పుడు గోటీబిళ్ల ఆడేటప్పుడు ఇంట్లోని చిన్నపిల్లవాడు తానూ వస్తానని ఏడిస్తే, పెద్దల మాట తీసేయలేక వాడినీ చేర్చుకొని ‘ఆటలో అరటిపండు’ అనేవాళ్లం. వాడు ఆడినట్టే ఉంటుంది కానీ వాడి ఆట లెక్కలోకి రాదు. హ్యాండిక్యాప్ అనే ఏర్పాటు లేకపోతే మా బృందంలో సగం మందిమి అరటిపండ్లమే అయ్యేవాళ్లం. నా హ్యాండిక్యాప్ 22, గుండె వైద్యుడి హ్యాండిక్యాప్ 6. మేమిద్దరం ముఖాముఖి ఆడితే తేడా 16 కాబట్టి, స్కోర్‌కార్డులో కష్టాన్ని బట్టి 1 నుంచి 16 వరకు వరస వేసిన హోల్స్‌లో ఆయన నాకు హోల్‌కు ఒక స్ట్రోకు ఇవ్వాలి. అంటే ఆ హోల్స్‌లో ఆయన నాలుగు దెబ్బలకు బంతిని గుంతలో వేస్తే, నేను అయిదు దెబ్బలకు వేసినా మేమిద్దరం సమానమే. ఇందులో ఆయన నా మీద చూపే దయ ఏమీ లేదు. నేను ఎలా ఆడతానో నా పాత స్కోర్లు చెబుతున్నాయి, ఆయన ఎలా ఆడతారో ఆయనవి చెబుతున్నాయి, ఆ రోజు ఎవరు తమ స్థాయికి మించి ఆడారన్నదే పోటీ. గత సంవత్సరం ఆయన మీద రెండుసార్లు గెలిచాను. ఆ రెండు గెలుపులనూ నేను గర్వంగానే చెప్పుకుంటాను, ఎందుకంటే ఆయన వాటిని ఓటములుగానే తీసుకున్నారు.

మేం ఎక్కువగా ఆడేది స్టేబుల్‌ఫర్డ్ పద్ధతి. ఇంగ్లండ్‌లోని వాలసీ క్లబ్బులో 1932లో ఈ పద్ధతితో పోటీ నడిపిన డాక్టర్ ఫ్రాంక్ స్టేబుల్‌ఫర్డ్ కూడా మాలాంటి అమెచ్యూరే (డబ్బు కోసం ఆడనివాడే), వృత్తిరీత్యా శస్త్రచికిత్సకుడు. మొత్తం దెబ్బలు లెక్కపెట్టే పోటీలో ఒక్క హోల్‌లో పది కొట్టినవాడికి ఆ రోజంతా ఆట మీద ఆశ పోతుంది. స్టేబుల్‌ఫర్డ్‌లో హ్యాండిక్యాప్ తీసివేశాక పార్ (ఆ హోల్‌కు నిర్ణయించిన దెబ్బల సంఖ్య) వస్తే రెండు పాయింట్లు, బోగీకి (పార్ కంటే ఒకటి ఎక్కువ) ఒకటి, బర్డీకి (ఒకటి తక్కువ) మూడు, ఈగిల్‌కు (రెండు తక్కువ) నాలుగు వస్తాయి. బోగీ కంటే అధ్వానమైతే సున్నా వేసుకొని, బంతి జేబులో పెట్టుకొని, తరువాతి టీకి నడవవచ్చు. తన హ్యాండిక్యాప్‌కు తగినట్టు ఆడినవారికి పద్దెనిమిది హోల్స్‌కు 36 పాయింట్లు వస్తాయి. అందుకే మా బల్ల దగ్గర 36 అన్న మాట వినపడితే అందరూ తలలు ఎత్తుతారు.

గత సంక్రాంతికి ముందు ఆదివారం జరిగిన ఒక సంగతి చెప్పాలి. రైల్వే పెద్దాయన, నేను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకతను, బట్టల వ్యాపారి ఒకే జట్టులో ఉన్నాం. పదహారో హోల్ దగ్గరకు వచ్చేసరికి పెద్దాయన, ఆ కుర్రవాడు సమంగా ఉన్నారు. పెద్దాయన రెండో దెబ్బకు బంతి కుడిపక్కకు పోయి, వేపచెట్టు కింద గడ్డిలో ఆగింది. మేం ముగ్గురం ఫెయిర్‌వే (గడ్డి కత్తిరించిన దారి) మీద ఉన్నాం, మా బ్యాగులు మోసే క్యాడీ ఇంకా నడిచి వస్తున్నాడు. బంతికి ఆనుకొని ఒక ఎండుటాకు ఉంటే ఆయన వంగి రెండు వేళ్లతో దాన్ని తీశారు. తీయగానే బంతి గోరంత కదిలి గడ్డిలోకి దిగింది. ఎండుటాకు తీయడం తప్పు కాదు. కానీ గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద, టీ దగ్గర తప్ప మిగతా చోట్ల, తీసేటప్పుడు బంతి కదిలితే ఒక స్ట్రోకు శిక్ష పడుతుంది, బంతిని మళ్లీ మొదటి చోటే పెట్టాలి. మేమెవరం చూడలేదు. ఆయన చేయి పైకెత్తి, “నా బంతి కదిలింది, ఒకటి వేసుకో బాబూ” అని కేకవేసి, బంతిని తిరిగి దాని చోట పెట్టి ఆడారు. ఆ హోల్‌లో రెండు పాయింట్లు రావలసినచోట ఒకటే వచ్చింది. ఆట ముగిసేసరికి కుర్రవాడికి 36, ఆయనకు 35.

టిఫిన్ దగ్గర ఆ కుర్రవాడు నొచ్చుకుంటూ, “మనలో మనం ఆడుకునే సరదా ఆటే కదా అంకుల్, అది వదిలేస్తే సరిపోయేది, ఇద్దరం సమంగా ఉండేవాళ్లం” అన్నాడు. దానికి పెద్దాయన, “నా కార్డు రాస్తున్నది నువ్వు కదా నాన్నా, నీ చేత్తో అబద్ధం రాయించమంటావా?” అన్నారు. పదకొండేళ్లలో గోల్ఫ్ గురించి నేను విన్న మాటల్లో ఇంత సూటి మాట మరొకటి లేదు. ఈ ఆటలో ఎవరి స్కోరు వాళ్లు రాసుకోరు. నా స్కోరు నా తోటి ఆటగాడు రాస్తాడు, అతనిది నేను రాస్తాను, చివరికి ఇద్దరం సరిచూసుకొని సంతకాలు పెడతాం. కాబట్టి నేను ఒక దెబ్బ దాచిపెడితే ఆ అబద్ధం కింద నా స్నేహితుడి సంతకం ఉంటుంది. అంపైరు లేని ఆటను నడిపిస్తున్నది ఆ ఏర్పాటే.

‘సరదా ఆటకు ఇన్ని నియమాలు ఎందుకు’ అనేవారు మా క్లబ్బులోనూ ఉన్నారు. వారికి నేను ఒక చరిత్ర చెబుతుంటాను. ఇప్పుడు మనకు దొరుకుతున్న గోల్ఫ్ నియమాల్లో అన్నిటికంటే పాతవి 1744లో స్కాట్లాండ్‌లో, ఎడిన్‌బరో పక్కనున్న లీత్ మైదానంలో పుట్టాయి. వాటిని రాసుకున్నది డబ్బు కోసం ఆడే ఆటగాళ్లు కారు, ఊళ్లోని పెద్దమనుషులు. నగరపాలక మండలి బహుమతిగా ఇచ్చిన వెండి గోల్ఫ్ కర్ర కోసం తమలో తాము పోటీపడదలచి, తగవులు రాకుండా పదమూడు నియమాలు రాసుకున్నారు. అక్కడ ఉన్నవి అయిదు హోల్స్ మాత్రమే. గెలిచిన జాన్ రాట్రే ఒక శస్త్రచికిత్సకుడు. అంటే నియమాలు పెద్ద పోటీల నుంచి చిన్న పోటీలకు దిగిరాలేదు, స్నేహితుల పోటీ నుంచే పెద్ద పోటీలకు వెళ్లాయి. బతుకంతా అమెచ్యూరుగానే ఆడిన బాబీ జోన్స్ 1925 యుఎస్ ఓపెన్‌లో, తాను తప్ప ఎవరూ చూడకపోయినా గడ్డిలో బంతి కదిలిందని తన మీద తానే ఒక స్ట్రోకు వేసుకున్నాడు. చివరికి విల్లీ మక్‌ఫర్లేన్‌తో సమంగా నిలిచి, విజేతను తేల్చడానికి మళ్లీ ఆడిన ప్లేఆఫ్‌లో ఒక్క స్ట్రోకుతో ఓడిపోయాడు. మా రైల్వే పెద్దాయనకు ఈ కథ తెలియదు. నేను ఆ రోజు చెబితే, “అయితే నేను ఒక్క పాయింటుతోనే బయటపడ్డాను” అని నవ్వారు.

ఇక హ్యాండిక్యాప్ ఎలా చెడుతుందో చెప్పాలంటే, అది ఎలా తయారవుతుందో ముందు చెప్పాలి. 2020కి ముందు ప్రపంచంలో ఆరు వేర్వేరు పద్ధతులు ఉండేవి. ఆ సంవత్సరం నుంచి వాటి స్థానంలో ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతి వచ్చింది. దాని ప్రకారం ఒక ఆటగాడు చివరిగా నమోదు చేసిన 20 స్కోర్లలో అత్యుత్తమమైన 8 తీసుకొని, మైదానం కష్టాన్ని బట్టి అవి ఎంత ఎక్కువో లెక్కగట్టి, ఆ తేడాల సగటు కడతారు. కొత్తవారు 54 హోల్స్ స్కోర్లు ఇస్తే చాలు, హ్యాండిక్యాప్ మొదలవుతుంది. పురుషులకైనా స్త్రీలకైనా గరిష్ఠం 54. ఒక్క హోల్‌లో ఎంత ఘోరంగా ఆడినా, హ్యాండిక్యాప్ లెక్కకు నెట్ డబుల్ బోగీ (పార్‌కు రెండు దెబ్బలు, ఆ హోల్‌లో తనకు వచ్చే హ్యాండిక్యాప్ స్ట్రోకులు కలిపితే వచ్చే అంకె) వరకే తీసుకుంటారు. సగటుగా వచ్చే అంకె ఇండెక్సు. అది ఏ కోర్సుకు (గోల్ఫ్ మైదానానికి) వెళితే ఆ కోర్సు కష్టాన్ని బట్టి మారుతుంది. ఉదాహరణకు ఇండెక్సు 18.0 ఉన్న ఆటగాడు, స్లోప్ (సాధారణ ఆటగాళ్లకు కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె) 125, కోర్సు రేటింగ్ (మంచి ఆటగాడికి పట్టే దెబ్బల అంచనా) 71.2, పార్ 72 ఉన్న చోట ఆడితే, 18ని 125తో హెచ్చించి ప్రామాణిక స్లోప్ అయిన 113తో భాగించి, రేటింగుకు పార్‌కు మధ్య తేడా అయిన 0.8 తీసివేస్తే అతనికి 19 స్ట్రోకులు వస్తాయి. ఏ టీ నుంచి ఆడితే ఆ టీకి రేటింగు వేరుగా ఉంటుంది కాబట్టి, మా వైద్యురాలు ముందున్న టీ నుంచి ఆడినా ఎవరికీ అన్యాయం జరగదు. ఆమెకు ముందు టీ ఇవ్వడం రాయితీ అని మొదట్లో గొణిగిన ఇద్దరు, ఈ లెక్క చూశాక ఆ మాట మానేశారు.

అత్యుత్తమమైన 8 స్కోర్లే లెక్కలోకి రావడం వల్ల రెండు ఫలితాలు ఉన్నాయి. మొదటిది, నిజాయితీగా ఆడేవారు తమ హ్యాండిక్యాప్‌ను అందుకునేది ఇరవై ఆటల్లో నాలుగైదు సార్లే. మిగతా రోజుల్లో రెండు మూడు స్ట్రోకులు వెనుకబడే ఉంటారు. రెండోది, ఎవరైనా తాము బాగా ఆడిన రోజుల కార్డులు దాచి, చెడిన రోజులవి మాత్రమే నమోదు చేస్తే, ఆ 8 స్కోర్లూ నాసిరకంవే అవుతాయి, హ్యాండిక్యాప్ ఉబ్బుతుంది. ఆ తరువాత కప్పు ఉన్న రోజున తన నిజమైన ఆట ఆడితే నెట్ స్కోరు అరవై దగ్గరకు దిగిపోతుంది. చిన్నప్పుడు దీన్ని తొండి ఆట అనేవాళ్లం. పెద్దయ్యాక దానికి మర్యాదైన పేర్లు పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

రెండేళ్ల క్రితం మా బృందంలో ఎనిమిది మందిమి వేరే ఊళ్లోని ఒక క్లబ్బు వారి ఆహ్వానం మీద స్నేహపూర్వక మ్యాచ్ ఆడటానికి వెళ్లాం. ఆ ఊరి పేరు, క్లబ్బు పేరు ఇక్కడ అవసరం లేదు. నాకు ఎదురుపడిన ఆయన తన హ్యాండిక్యాప్ 26 అన్నారు. నాది 22 కాబట్టి నేనే ఆయనకు నాలుగు స్ట్రోకులు ఇవ్వాలి. మొదటి అయిదు హోల్స్‌లో ఆయన నాలుగు పార్‌లు కొట్టారు. బంకర్‌లో (ఇసుక గుంటలో) నుంచి బయటపడిన బంతి జెండా కర్రకు జానెడు దూరంలో ఆగింది. 26 ఉన్నవారికి ఒక్కో రోజు అలా కలిసి రావచ్చునని మనసుకు సర్దిచెప్పుకున్నాను. మిగిలిన హోల్స్ అన్నీ గెలిచినా అందుకోలేనంత వెనుకబడి, పదమూడో హోల్‌లోనే నా ఆట ముగిసింది. భోజనాల దగ్గర ఆయన దాచుకోకుండా చెప్పిన మాట మాత్రం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది: “వారం వారం మనవాళ్లతో ఆడేవి సరదా ఆటలండీ, అవి ఎవరు నమోదు చేస్తారు? పోటీలవే నమోదు చేస్తాం.” సంవత్సరంలో నలభై ఆటలు ఆడి, ఒత్తిడిలో చెడిన నాలుగైదు మాత్రమే నమోదు చేస్తే వచ్చిన హ్యాండిక్యాప్ అది. ఆయన దురుద్దేశంతోనే అలా చేశారని నేను అనను. అలవాటు అలా పడిపోయింది, చుట్టూ ఉన్నవారూ అలాగే చేస్తున్నారు. కానీ మా ఎనిమిది మందిలో ఏడుగురం ఓడి వచ్చాం. తిరుగు ప్రయాణంలో కారులో ఎవరూ ఆట గురించి మాట్లాడలేదు. ఆ క్లబ్బు వారిని మా ఊరికి తిరిగి పిలవాలన్న మాట ఆ తరువాత మా మధ్య ఎప్పుడూ రాలేదు. ఏటేటా జరగవలసిన స్నేహం ఒక్క మధ్యాహ్నంతో ఆగిపోయింది.

ఆ తరువాతి ఆదివారం మేం మా ఇల్లే సరిచూసుకున్నాం. చూస్తే మాలోనూ నలుగురు అప్పుడప్పుడు కార్డులు నమోదు చేయడం మరచిపోతున్నారు, మరచిపోయినవి ఎక్కువగా మంచి స్కోర్లే. అప్పటి నుంచి టిఫిన్ ప్లేట్లు బల్ల మీదకు రాకముందే పన్నెండు కార్డులూ ఫోనులో నమోదు కావాలని కట్టడి చేసుకున్నాం. మూడు నెలల్లో ఒకరి హ్యాండిక్యాప్ 19 నుంచి 15కు దిగింది. ఆయనకు కోపం వచ్చి ఆరు వారాలు రాలేదు. నేను రెండుసార్లు వాళ్లింటికి వెళ్లి కూర్చున్నాను. ఏడో వారం వచ్చారు, వచ్చిన రోజున 15 మీద 37 పాయింట్లు తెచ్చుకున్నారు. ఆ రోజు ఆయన ముఖంలో ఉన్న సంతోషం 19 మీద గెలిచినప్పుడు నేనెన్నడూ చూడలేదు.

అదే సమయంలో మల్లిగన్‌ను కూడా తీసేశాం. మొదటి టీ దగ్గర బంతి పొదల్లోకి పోతే, లెక్కలోకి రాకుండా ఇంకోటి కొట్టనివ్వడాన్ని మల్లిగన్ అంటారు. తెల్లవారుజామున నడుములు బిగుసుకుపోయి ఉంటాయి కాబట్టి అది న్యాయమేనని మాలో చాలామంది అనుకునేవారు. నియమాల్లో దానికి చోటు లేదు, అది వాడిన ఆట స్కోరు హ్యాండిక్యాప్‌కు పనికిరాదు. దానికి బదులు అందరం పది నిమిషాలు ముందు వచ్చి ఒళ్లు సాగదీసుకుంటున్నాం. గిమ్మీ విషయం కొంచెం వేరు. బంతి గుంతకు మరీ దగ్గరగా ఉన్నప్పుడు ‘ఇచ్చేశాం, తీసెయ్యండి’ అనడం ముఖాముఖి మ్యాచ్‌ప్లేలో (ఒక్కో హోల్‌కు గెలుపోటములు చూసే ఆటలో) నియమాలు ఒప్పుకున్న పనే. అది ఎదుటివారు ఇవ్వవలసినదే కానీ మనం అడిగేది కాదు, ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడానికీ తిరస్కరించడానికీ వీల్లేదు. 1969లో అమెరికా, బ్రిటన్ జట్ల మధ్య జరిగిన రైడర్ కప్‌లో అమెరికా ఆటగాడు జాక్ నిక్లస్, బ్రిటన్ ఆటగాడు టోనీ జాక్లిన్‌కు చివరి పట్‌ను (గుంతలోకి బంతిని దొర్లించే దెబ్బను) అలా ఇచ్చేయడం వల్లనే ఆ పోటీ మొత్తం 16–16తో సమంగా ముగిసింది. కానీ స్టేబుల్‌ఫర్డ్‌లో, మొత్తం దెబ్బలు లెక్కపెట్టే స్ట్రోక్‌ప్లేలో గిమ్మీ లేదు, అడుగు దూరమైనా బంతిని గుంతలో వేయవలసిందే. మా బట్టల వ్యాపారి మిత్రుడు ఈ మార్పు వచ్చిన నెలలో అడుగు దూరం నుంచి మూడు పట్‌లు తప్పారు. ఏళ్ల తరబడి గిమ్మీలు తీసుకోవడం వల్ల ఆ చిన్న పట్ ఆడటమే తనకు రాకుండా పోయిందని ఆయనే అన్నారు. ఇప్పుడు ఇంట్లో రాత్రిపూట తివాచీ మీద గ్లాసు పెట్టి అభ్యాసం చేస్తున్నారు.

క్యాడీల మాట కూడా ఇక్కడే చెప్పాలి. మన దేశంలో స్నేహితుల ఆటలో ప్రతి దెబ్బకూ సాక్షి క్యాడీయే. మా కంటే ముందు నడుస్తాడు, బంతి ఎక్కడ పడిందో మా కంటే ముందు చూస్తాడు. సారుకు సంతోషం కలిగించాలని, చెట్టు వేరు వెనుక ఇరుక్కున్న బంతిని కాలితో కొంచెం బయటకు జరిపే క్యాడీని నేను చూశాను. తప్పు అతనిది అనుకోవడం తేలిక. కానీ అలా జరిపినందుకు మెచ్చుకొని ఎక్కువ డబ్బు ఇచ్చిన చేయి ఎవరిదో అడగాలి. క్యాడీ చేసిన పనికి శిక్ష ఆటగాడికే పడుతుందని నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. మేం మా క్యాడీలకు ఆ నియమం తెలుగులోనూ హిందీలోనూ చెప్పి, బంతిని ఎవరూ ముట్టుకోవద్దని కోరాం. వాళ్లలో చాలామందికి మా కంటే బాగా ఆడటం వచ్చు. కోర్సు మూసి ఉండే రోజున వాళ్లు తమలో తాము పోటీ పెట్టుకొని ఆడుతుంటే నేను ఒకసారి వెళ్లి చూశాను. ఇద్దరి మధ్య ఒకే సెట్టు, మార్చుకుంటూ ఆడారు, గిమ్మీ అన్న మాట ఒక్కసారి కూడా వినపడలేదు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్ క్యాడీల మధ్య నుంచి వచ్చినవాడే.

డబ్బు పందెం గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. టిఫిన్ ఖర్చు, రెండు బంతులు, మహా అయితే ఒక టోపీ, ఇంతవరకు పందెం ఆటకు ఉప్పులాంటిది. అది వేలల్లోకి వెళ్లిన బృందాల్లో ముందుగా జరిగేది హ్యాండిక్యాప్ తగ్గకుండా కాపాడుకోవడం. ఆట మొదలయ్యే ముందే టీ దగ్గర ‘నాకు ఇన్ని ఇవ్వాలి, నీకు అన్ని ఇవ్వను’ అన్న బేరం మొదలవుతుంది. స్కోరు తేల్చవలసిన విషయాన్ని నోరు తేలుస్తుంది. మా క్లబ్బులో అలాంటి ఒక బృందం విడిపోవడం నేను చూశాను. పదిహేనేళ్లు కలిసి ఆడినవారు ఇప్పుడు వేర్వేరు రోజుల్లో వస్తున్నారు.

మళ్లీ మీ ఫొటో దగ్గరకు వస్తాను. ఆ విజేతను అనుమానించడం నా ఉద్దేశం కాదు. కొత్తగా ఆట నేర్చుకుంటున్నవారు ఒక్క నెలలో ఎంతో మెరుగుపడతారు, అలాంటివారికి ఒక రోజు నెట్ 61 రావడం అసాధ్యం కాదు. అందుకు పద్ధతిలోనే ఏర్పాటు ఉంది. నమోదైన స్కోరు తన ఇండెక్సు కంటే 7 స్ట్రోకులు లేదా అంతకంటే మెరుగ్గా ఉంటే ఇండెక్సు నుంచి 1, పది లేదా అంతకంటే మెరుగ్గా ఉంటే 2 తగ్గిస్తారు. హ్యాండిక్యాప్ ఏడాదిలో తన కనిష్ఠం కంటే 5కు మించి పెరగకుండా హద్దు కూడా ఉంది. కానీ ఈ కట్టుబాట్లన్నీ నమోదు చేసిన స్కోర్ల మీదే పనిచేస్తాయి. నమోదు చేయని స్కోరును ఏ పద్ధతీ చూడలేదు, దాన్ని చూడగలిగింది తోటి ఆటగాళ్లే. అందుకే ఒకరి స్కోర్ల చిట్టాను తోటివారు చూసి ప్రశ్నించే వీలు ఉండాలన్నది ఈ పద్ధతికి ఒక మూలసూత్రంగా పెట్టారు.

పత్రిక చేయగల సాయం ఇక్కడే ఉంది. క్లబ్బులు మీకు పంపే స్నేహపూర్వక పోటీల ఫలితాల్లో నెట్ స్కోరు మాత్రమే ఉంటే, గ్రాస్ స్కోరు (కొట్టిన మొత్తం దెబ్బలు), హ్యాండిక్యాప్ కూడా అడిగి తీసుకొని అచ్చు వేయండి. ‘గ్రాస్ 87, హ్యాండిక్యాప్ 26, నెట్ 61’ అని మూడు అంకెలు పక్కపక్కన ఉంటే అదనంగా ఒక వాక్యం కూడా పట్టదు. స్టేబుల్‌ఫర్డ్ అయితే పాయింట్లు, వాటి పక్కన హ్యాండిక్యాప్ వేస్తే చాలు. గోల్ఫ్ తెలియని పాఠకులకు ఆ గెలుపు ఎలా వచ్చిందో అర్థమవుతుంది, ఆ ఊళ్లో ఆయనతో వారం వారం ఆడేవారికి అడగవలసింది ఏమైనా ఉంటే కంటికి కనపడుతుంది, నిజాయితీగా గెలిచినవారికి ఆ గెలుపు ఇంకా గట్టిపడుతుంది. క్లబ్బుల కార్యదర్శులకు కూడా మీ ద్వారా ఒక విన్నపం: బహుమతి ఇచ్చే ముందు విజేత గత సంవత్సరంలో ఎన్ని ఆటలు ఆడారు, ఎన్ని నమోదు చేశారన్నది టీ బుకింగ్ పుస్తకంతో ఒకసారి సరిపోల్చండి. అది పది నిమిషాల పని.

మా బృందం ఉగాదికి మరుసటి ఆదివారం ఇరవై నాలుగు మందితో ఒక పోటీ పెట్టుకుంటోంది. రెండేళ్ల క్రితం మమ్మల్ని ఓడించిన ఆ క్లబ్బు వారికి కూడా ఈసారి ఆహ్వానం పంపాం. అందరూ తమ చివరి 20 స్కోర్ల చిట్టా వెంట తెచ్చుకోవాలని, మా చిట్టాలు కూడా బల్ల మీద పెడతామని అందులో రాశాం. నాకు ఎదురుపడిన ఆయనే జవాబు రాశారు, వస్తున్నామని, జనవరి నుంచి తాను ఆదివారం ఆటలు కూడా నమోదు చేస్తున్నానని, ఇప్పుడు తన హ్యాండిక్యాప్ 20 అని. ఈసారి నాలుగు స్ట్రోకులు ఇచ్చేది నేను కాదు. నాది ఇంకా 22, కాబట్టి ఆయనే నాకు రెండు ఇవ్వాలి. ఆ రోజు ఫలితం మీకు పంపుతాను, మూడు అంకెలతో.

భవదీయుడు,
మీ పాఠకుడు, మెహదీపట్నం, హైదరాబాద్
(పేరు, చిరునామా కార్యాలయానికి విడిగా పంపాను.)